ఎఫ్‌ఎం సింథసిస్ అభ్యసనం: నిష్పత్తి, సూచిక, కాలం

వ్యాససంగ్రహం: ఎలక్ట్రానిక్ సంగీతంలో ధ్వనిరూపకల్పన నేర్చుకొనేవారికి ఎఫ్‌ఎం సింథసిస్ కఠినమైన పద్ధతిగా పేరుపడింది. ఈ కాఠిన్యానికి మూలం గణితంలో కంటే, నాబ్ కదలికకూ చెవికి వినిపించే మార్పుకూ మధ్య సరళసంబంధం లేకపోవడంలో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. జాన్ చౌనింగ్ పరిశోధన, యమహా డీఎక్స్7 వాద్యం ఆధారంగా ఒక అభ్యాసక్రమాన్ని వివరిస్తుంది.

కీలకపదాలు: ఎఫ్‌ఎం సింథసిస్, వాహకం, మాడ్యులేటర్, మాడ్యులేషన్ సూచిక, ఎన్వలప్, నాదగుణం.

1. ఉపోద్ఘాతం

ఒక స్వరం పౌనఃపున్యాన్ని సెకనుకు ఐదారుసార్లు పైకీ కిందికీ కదిలిస్తే అది ఊగుతున్న స్వరంగా వినిపిస్తుంది. 1967లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ కంప్యూటర్ ద్వారా ఈ ఊపు వేగాన్నీ లోతునూ పెంచుతూ పోగా, ఒక దశలో ఊపు వినిపించడం మాని, దాని స్థానంలో కొత్త నాదగుణం గల ధ్వని పుట్టింది. ఈ పరిశీలనను ఆయన 1973లో పరిశోధనపత్రంగా ప్రకటించారు. స్టాన్‌ఫర్డ్ నుండి హక్కులు పొందిన యమహా సంస్థ 1983లో డీఎక్స్7ను విడుదల చేసింది. ఆ వాద్యం విశేషాదరణ పొందినా, వాడుకరులలో చాలామంది అందులో ముందే నింపి ఇచ్చిన ధ్వనులతోనే సరిపెట్టుకున్నారు. ధ్వనిని సృష్టించే సాధనం ధ్వనులను ఎంచుకొనే సాధనంగా ఎందుకు మిగిలిందన్నది ఇక్కడ పరిశీలించదగిన ప్రశ్న.

2. నిష్పత్తి: ఏ పౌనఃపున్యాలు పుడతాయి?

ఎఫ్‌ఎం సింథసిస్‌కు కనీసం రెండు సైన్ తరంగాలు కావాలి. వినిపించేది వాహకం. దాని పౌనఃపున్యాన్ని కదిలించేది మాడ్యులేటర్. వాహక పౌనఃపున్యానికి మాడ్యులేటర్ పౌనఃపున్యాన్ని ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు కలుపుతూ, తీసివేస్తూ పోతే వచ్చేవి పార్శ్వ పౌనఃపున్యాలు. సున్నాకు దిగువకు పోయినవి దశ తిరగబడి ధనాత్మక పౌనఃపున్యాలుగా మళ్ళీ వినిపిస్తాయి.

వాహకం, మాడ్యులేటర్ రెండూ 200 హెర్ట్జ్ అయితే 200, 400, 600 హెర్ట్జ్ క్రమంలో అన్ని అనుస్వరాలూ పుడతాయి. మాడ్యులేటర్‌ను 400 హెర్ట్జ్ చేస్తే 200, 600, 1000 అనే బేసి అనుస్వరాలే మిగిలి, క్లారినెట్‌ను తలపించే బోలుదనం వస్తుంది. మాడ్యులేటర్ 280 హెర్ట్జ్ అయితే 80, 200, 360, 480, 760 వంటి పౌనఃపున్యాలు ఏర్పడతాయి. వీటిని చెవి ఒకే మూలస్వరపు అనుస్వరాలుగా సులభంగా గుర్తించలేదు. అందువల్ల ఆ ధ్వనిలో లోహపు గుణం వినిపిస్తుంది.

3. సూచిక: ఏది ఎంత బలంగా వినిపిస్తుంది?

వాహక పౌనఃపున్యం గరిష్ఠంగా ఎంత జరుగుతుందో ఆ విలువను మాడ్యులేటర్ పౌనఃపున్యంతో భాగిస్తే మాడ్యులేషన్ సూచిక వస్తుంది. సూచిక సున్నా అయితే వాహకం ఒక్కటే ఉంటుంది. సూచిక పెరిగేకొద్దీ శక్తి పార్శ్వాలకు పంపిణీ అవుతుంది. ఈ పంపిణీని బెస్సెల్ ప్రమేయాలు నిర్ణయిస్తాయి.

అభ్యాసకుడు తడబడేది ఇక్కడే. ఫిల్టర్‌ను తెరిచేకొద్దీ ధ్వని క్రమంగా ప్రకాశవంతమవుతుంది. సూచికను పెంచినప్పుడు మొత్తంమీద వర్ణపటం విస్తరించినా, అందులోని ఒక్కొక్క భాగం పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. 200, 280 హెర్ట్జ్ జంటలో సూచిక సుమారు 2.4కు చేరినప్పుడు 200 హెర్ట్జ్ భాగం దాదాపు మాయమవుతుంది. మరికొంత పెంచితే తిరిగి వస్తుంది. ఈ సంగతి తెలియనివారికి వాద్యం తన ఇష్టానుసారం ప్రవర్తిస్తున్నట్లు తోస్తుంది.

4. కాలం: నాదగుణం ఒక చలనం

బెల్ ప్రయోగశాలలో జాన్ క్లోడ్ రిస్సే ట్రంపెట్ ధ్వనిని విశ్లేషించి, స్వరం బలపడేకొద్దీ పై అనుస్వరాలు అధికమవుతాయని చూపారు. చౌనింగ్ ఈ ఫలితాన్ని తన పద్ధతికి అన్వయించారు. ధ్వని తీవ్రతను నడిపే ఎన్వలప్‌తోనే సూచికనూ నడిపి, లోహపు ఊదువాద్యాల నాదాన్ని సాధించారు.

1973 పత్రంలోని మరొక జత ఉదాహరణలు ఇంతకంటే బోధకరమైనవి. 200, 280 హెర్ట్జ్ జంటకు సూచికను 10 నుండి నెమ్మదిగా తగ్గిస్తూ 15 సెకన్లు సాగనిస్తే గంట వినిపిస్తుంది. అదే జంటకు సూచికను 2కు పరిమితం చేసి, ఎన్వలప్ మార్చి, వ్యవధిని 0.2 సెకనుకు కుదిస్తే డ్రమ్ వంటి ధ్వని వస్తుంది. ధ్వని స్వభావాన్ని నిష్పత్తి ఒక్కటే నిర్ణయించదని దీనివల్ల స్పష్టమవుతుంది.

5. అభ్యాసక్రమం

డీఎక్స్7లో ఆరు ఆపరేటర్లు, వాటిని అనుసంధానించే 32 అల్గారిథమ్‌లు ఉన్నాయి. చిన్న తెరపై ఒక్కొక్క విలువను విడిగా మార్చవలసి ఉండడంతో ధ్వని సమగ్రరూపం అభ్యాసకుడి మనసుకు అందలేదు. నేడు డెక్స్‌డ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అన్ని విలువలూ ఒకేచోట కనిపిస్తున్నప్పటికీ, వినికిడికి సంబంధించిన సమస్య అలాగే ఉంది.

కాబట్టి నాలుగు ఆపరేటర్లను నిశ్శబ్దం చేసి, రెండింటితో ఆరంభించడం మేలు. మొదట నిష్పత్తిని బట్టి రాగల పౌనఃపున్యాలను కాగితంపై గణించాలి. తరువాత విని, స్పెక్ట్రమ్ అనలైజర్‌తో సరిచూడాలి. రెండవ దశలో నిష్పత్తిని కదపకుండా సూచికను మాత్రమే మార్చాలి. మూడవ దశలో మాడ్యులేటర్ ఎన్వలప్‌ను మార్చాలి. చివరగా మీటను నొక్కే వేగాన్ని మాడ్యులేటర్ స్థాయికి ముడిపెట్టాలి. అప్పుడు గట్టిగా వాయించిన స్వరం బిగ్గరగా మాత్రమే కాక ప్రకాశవంతంగానూ పలుకుతుంది. డీఎక్స్7 ఎలక్ట్రిక్ పియానో ధ్వనికి జీవం పోసినది ఈ గుణమే.

6. ముగింపు

నిష్పత్తి పౌనఃపున్యాల స్థానాలను, సూచిక వాటి బలాబలాలను, ఎన్వలప్ వాటి గమనాన్ని నిర్ణయిస్తాయి. ఊహించి వినడం అలవడని అభ్యాసకుడు సిద్ధధ్వనులకే పరిమితమవుతాడు. అది అలవడినవానికి వాద్యానుకరణ ఒక మెట్టు మాత్రమే. చౌనింగ్ తన 1977 నాటి ‘స్ట్రియా’ రచనలో స్వర్ణనిష్పత్తిని వాహక, మాడ్యులేటర్ల నిష్పత్తిగా స్వీకరించి, ఏ వాద్యానికీ చెందని నాదలోకాన్ని నిర్మించగలిగారు. బోధనలో సిద్ధధ్వనుల జాబితాకు ముందు రెండు తరంగాల పాఠం ఉండవలసిన ఆవశ్యకతను ఆ రచన నిరూపిస్తున్నది.