నెబ్యులాకు ఆ రంగులు ఎక్కడివి?

చలికాలం రాత్రి ఓరియన్ మండలంలో వరుసగా మూడు చుక్కలు కనిపిస్తాయి. వాటికి కాస్త దక్షిణంగా, సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో ఓరియన్ నెబ్యులా అనే వాయు, ధూళి మేఘం ఉంది. చిన్న టెలిస్కోపులో చూస్తే బూడిదరంగు మబ్బులా ఉంటుంది. ఫొటోలోనేమో ఎర్రగా మెరుస్తుంది. ఎందుకు?

మసక వెలుతురులో పనిచేసే మన కంటి కణాలకు రంగులు తెలియవు. పైగా కన్ను కాంతిని కూడబెట్టలేదు. కెమెరా సెన్సర్ మాత్రం, వాననీరు పట్టే కుండలా, షటర్ తెరిచి ఉన్నంతసేపూ కాంతిని పోగుచేస్తుంది. నెబ్యులాలోని హైడ్రోజన్ వెదజల్లే 656 నానోమీటర్ల ఎర్రకాంతి అలా చిక్కుతుంది.

భూమి తిరుగుతుంది కాబట్టి ఫొటోలో చుక్కలు గీతలవుతాయి. అందుకే కెమెరాను ఆకాశంతోపాటు తిప్పే ట్రాకర్ వాడతారు. అయినా ఒక్క ఫొటో నిండా గరుకుగా ‘నాయిస్’ ఉంటుంది. అది ఫొటో ఫొటోకీ మారుతుంది, నెబ్యులా మారదు. ఇందులో నాకు అన్నిటికన్నా అందంగా తోచేది ఈ లెక్కే: 100 ఫొటోలను కంప్యూటర్లో పేర్చి సగటు తీస్తే నాయిస్ సుమారు పదో వంతుకు తగ్గుతుంది. ఆపైన మసక భాగాల వెలుగు పెంచుతారు.

నెబ్యులాను మొట్టమొదట ఫొటో తీసింది హెన్రీ డ్రేపర్ అనే అమెరికా వైద్యుడు, 1880లో. ఆయన తీసిందీ ఈ ఓరియన్ నెబ్యులానే. ఈ చలికాలం వీధిదీపాలకు దూరంగా వెళ్లి, ముందు బైనాక్యులర్‌తో మీరే వెతకండి.