ఇరవై నాలుగు పిన్నుల పాత కేబుల్

శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు వెళ్తే జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు. ఇటు జవహర్‌నగర్‌లో 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్. ఇలా కొలతలే ప్రాణమైన చోట్ల పరికరానికీ, పక్కనున్న కంప్యూటర్‌కూ ఆయుష్షు ఒక్కటి కాదు. కంప్యూటర్ ఐదారేళ్లకు మారిపోతుంది. క్యాలిబ్రేషన్ చేయిస్తూ ఉంటే మంచి వోల్ట్‌మీటర్ ఇరవై ముప్పై ఏళ్లు నిక్కచ్చిగా కొలుస్తుంది. కొత్త కంప్యూటర్‌కు దాని మాట అర్థం కావాలంటే ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌లో డ్రైవర్ ఉండాలి.

అలాంటి పరికరాల వెనుక తరచూ కనిపించేది 24 పిన్నుల వెడల్పాటి సాకెట్, జీపీఐబీ. 1960ల చివర్లో హ్యూలెట్-ప్యాకార్డ్ తన పరికరాల కోసం రూపొందించిన ఈ బస్ 1975లో ఐఈఈఈ-488 ప్రమాణమైంది. కనెక్టర్ మీద కనెక్టర్ పేర్చుతూ, కంప్యూటర్‌తో సహా 15 పరికరాలను కలపొచ్చు. వింటున్న పరికరాలన్నీ ఒక బైటును అందుకున్నాకే తర్వాతిది బయల్దేరుతుంది. అన్నిటికన్నా నిదానంగా నడిచేదాని కోసం మిగతావన్నీ ఆగుతాయి. ఎంత చక్కని ఏర్పాటు!

లినక్స్‌లో మాత్రం జీపీఐబీ డ్రైవర్లు ఇరవై ఏళ్లకు పైగా కెర్నెల్ బయటే బతికాయి. కెర్నెల్ లోపలి ఫంక్షన్లు తరచూ మారతాయి. మార్చినవాళ్లే లోపలున్న డ్రైవర్లన్నిటినీ సరిదిద్దాలి, బయటివాటి బాధ్యత వాళ్లది కాదు. అందుకే కొద్దిమంది స్వచ్ఛందంగా, కొత్త కెర్నెల్‌కు తగ్గట్టు వీటిని మళ్లీ మళ్లీ మారుస్తూ వచ్చారు. చివరికి 2025 జనవరిలో వెలువడిన 6.13 వెర్షన్‌తో ఇవి కెర్నెల్‌లోని స్టేజింగ్ విభాగంలో చేరాయి. ప్రమాణానికి అప్పటికి యాభై ఏళ్లు.

అదే కెర్నెల్ తన పుట్టింటినే వదులుకుంది. 1991లో లినస్ టోర్వాల్డ్స్ తొలి లినక్స్ రాసింది 386 ప్రాసెసర్ మీద. 2013లో వచ్చిన 3.8 నుంచి దానికి చోటు లేదు. ఆ చిప్‌లో లేని సౌకర్యాల కోసం కెర్నెల్ నడిబొడ్డున ప్రత్యేక కోడ్ మోయాల్సి వచ్చేది. అక్కడ ఏది మార్చాలన్నా అదే అడ్డం. జీపీఐబీ ఒక మూలన ఉంటుంది, ఎవరి దారికీ అడ్డు రాదు.

అయితే మూలన ఉన్నా చూసేవారు కావాలి. ఫ్లాపీ డ్రైవర్ 2019లో చూసేవారు లేక అనాథగా నమోదైంది. పనిచేసే డ్రైవులు దొరకడమే గగనమైంది. తర్వాత ఒకరు ముందుకొచ్చి దాన్ని చేతిలోకి తీసుకున్నారు.

జీపీఐబీ చేరిన స్టేజింగ్ అంటే ఇంటి వసారా లాంటిది. కోడ్ శుభ్రపడితే లోపలికి పిలుపు వస్తుంది. అయితే అది కంపైల్ అయినంత మాత్రాన సరిపోదు. ఎవరో ఒకరు పాత మల్టీమీటర్‌కు కేబుల్ బిగించి, ఒక కొలత అడిగి, తెర మీద సరైన అంకె వచ్చిందో లేదో చూడాలి.