రేపటికి పూచీ లేని అడవి

2017 నవంబరు 14 రాత్రి జింబాబ్వే రాజధాని హరారే వీధుల్లోకి సైనిక వాహనాలు దిగాయి. తెల్లవారేసరికి ప్రభుత్వ టీవీ సైన్యం చేతిలో ఉంది. 37 ఏళ్లుగా దేశాన్ని ఏలుతున్న రాబర్ట్ ముగాబే సొంత ఇంట్లోనే బందీ అయ్యారు. 16వ తేదీన వాషింగ్టన్ నుంచి మరో కబురు వచ్చింది. జింబాబ్వేలో వేటాడిన ఏనుగుల దంతాలను అమెరికన్లు ఇంటికి తెచ్చుకోకుండా 2014 నుంచి అమలులో ఉన్న నిషేధాన్ని అమెరికా వన్యప్రాణి శాఖ ఎత్తేస్తోందని దాని సారాంశం. మర్నాడే అధ్యక్షుడు ట్రంప్ ఒక ట్వీటుతో ఆ నిర్ణయాన్ని ఆపేశారు. 21న ముగాబే రాజీనామా చేశారు.

ఇదంతా ఒక్క వారంలో జరిగింది. వచ్చే ఏడాది సీజనుకు బేరాలు కుదుర్చుకోవాల్సిన సఫారీ ఆపరేటరు పరిస్థితి అప్పుడెలా ఉండి ఉంటుందో ఊహించండి. జనవరి, ఫిబ్రవరుల్లో అమెరికాలో పెద్ద పెద్ద వేట ప్రదర్శనలు జరుగుతాయి. ఏడాది వ్యాపారంలో సింహభాగం అక్కడే ఖాయమవుతుంది. అడ్వాన్సు ఇచ్చే వేటగాడు మూడు ప్రశ్నలు అడుగుతాడు. మీ దేశంలో ప్రభుత్వం ఎవరిది? లీజు మీద సంతకం పెట్టిన అధికారి వచ్చే జూన్‌లో కూడా అదే కుర్చీలో ఉంటాడా? నేను కొట్టిన జంతువును నా ఇంటికి తెచ్చుకోనిస్తారా? ఆ వారం ఈ మూడింటిలో ఒక్కదానికి కూడా జవాబు చెప్పగల ఆపరేటరు జింబాబ్వేలో లేడు.

వేటంటే తుపాకీ, గురి, తెగువ అనుకుంటాం. వ్యాపారంగా చూస్తే దానికి పెట్టుబడి నమ్మకం, అదీ ఏళ్ల ముందుచూపుతో కూడిన నమ్మకం. ఆపరేటరు ఏళ్ల తరబడి లీజుకు డబ్బు కడతాడు. ప్రభుత్వం ఏటా ఏ ప్రాంతంలో ఎన్ని జంతువులను వేటాడవచ్చో కోటా నిర్ణయిస్తుంది. జింబాబ్వే నుంచి ఏటా 500 ఏనుగుల దంతాల వరకు బయటికి పంపేందుకు వన్యప్రాణి వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం కింద కోటా ఉంది. వేటగాడికి తోడు వెళ్లే ప్రొఫెషనల్ హంటరు ఏళ్లపాటు శిష్యరికం చేసి కఠినమైన పరీక్షలు నెగ్గాలి. ఆ దేశపు లైసెన్సుకు ఆఫ్రికా అంతటా గొప్ప పేరుంది. మే నుంచి అక్టోబరు దాకా, పొదలు ఎండి జంతువులు నీటి గుంటల దగ్గరికి చేరే రోజుల్లో, ఈ యంత్రాంగమంతా నడుస్తుంది. ఇందులో ఎవరికి ‘రేపు’ మీద నమ్మకం పోయినా మిగతా అందరి లెక్కా తప్పుతుంది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఈ వ్యాపారానికి తెర పడింది. అంతకు ముందు మధ్య భారత అడవుల్లో విదేశీయులకు పులి వేట ఏర్పాటు చేసే షికారు కంపెనీలు ఉండేవి. అవి పోయినందుకు నాకే బాధా లేదు. సరదా కోసం ఏనుగును చంపడం నా మనసుకు ఎన్నటికీ మింగుడుపడదు. కానీ జింబాబ్వే గ్రామీణుడి వైపు నిలబడి చూస్తే ప్రశ్న వేరేగా కనిపిస్తుంది.

ఊరి పెద్దల లెక్క

జాంబెజి లోయలో, మొజాంబిక్ సరిహద్దుకు దగ్గరలో మసోకా అనే ఊరుంది. పార్వతీపురం మన్యంలోనో చిత్తూరు జిల్లాలోనో ఒక్క రాత్రిలో చెరకు తోటను నేలమట్టం చేసే ఏనుగుల గుంపును చూసినవాళ్లకు మసోకా రైతు బతుకు విడమర్చి చెప్పక్కర్లేదు. అక్కడ పంట జొన్న, మొక్కజొన్న, పత్తి. కాపలా మాత్రం ఇక్కడిలాగే డప్పులు, మంటలు, నిద్రలేని రాత్రులు.

జింబాబ్వే తెల్లవాళ్ల పాలనలో రొడీషియాగా ఉన్నప్పుడు 1975లో ఒక చట్టం చేసింది. తమ భూమిలోని వన్యప్రాణుల మీద ఆదాయం పొందే హక్కును భూస్వాములకు ఇచ్చింది. ఆ హక్కు దక్కింది తెల్లవాళ్లకే. స్వాతంత్ర్యం వచ్చాక 1982లో సవరణ చేసి, నల్లవాళ్లు ఉండే ఉమ్మడి భూములకు కూడా జిల్లా కౌన్సిళ్ల ద్వారా ఆ హక్కును విస్తరించారు. దాని మీద 1989లో ‘క్యాంప్‌ఫైర్’ కార్యక్రమం మొదలైంది. వేట మీద కౌన్సిలుకు వచ్చే సొమ్ములో కనీసం సగం ఊరికి చేరాలన్నది నియమం. తొలి అడుగు వేసిన ఊళ్లలో మసోకా ఒకటి. ఆ డబ్బుతో అక్కడ బడి కట్టారు, క్లినిక్ కట్టారు, ఇంటింటికీ వాటాలు పంచారు. 1989 నుంచి 2001 వరకు దేశం మొత్తం మీద ఊళ్లకు చేరినది 2 కోట్ల డాలర్లకు పైనే. అందులో 89 శాతం వేట నుంచి వచ్చిందే.

ఇక్కడ లోపాలు లేవని కాదు. ఈ హక్కు పొందిన 37 జిల్లాల్లో 12 జిల్లాలే దాదాపు ఆదాయమంతా తెచ్చాయి. కౌన్సిళ్లు ఊళ్ల వాటా దగ్గర పెట్టుకుని ఆలస్యంగా ఇచ్చేవి. అయినా ఒక మార్పు వచ్చింది. పంట తినే ఏనుగు ‘సర్కారు వారి జంతువు’ కావడం మానేసి ఊరి ఆస్తి అయింది. దాన్ని ఈ ఏడాది బతకనిస్తే వచ్చే ఏడాది బడికి కప్పు పడుతుందని ఊరి పెద్దలు లెక్క వేసుకోగలిగారు.

కంచె తీగే ఉచ్చయింది

2000 ఫిబ్రవరిలో కొత్త రాజ్యాంగంపై జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ముగాబే ఓడిపోయారు. ఆ వెంటనే తెల్లవాళ్ల పొలాల ఆక్రమణ మొదలైంది. వలస పాలకులు లాక్కున్న భూమిని నల్లవాళ్లకు తిరిగివ్వాలన్న డిమాండు ముమ్మాటికీ న్యాయమైనదే. ఆ న్యాయమైన డిమాండును కుర్చీ కాపాడుకోవడానికి ఆయుధం చేసుకున్న తీరే దేశాన్ని ముంచింది.

ఆ సుడిలో వేట భూములూ పడ్డాయి. దేశపు ఆగ్నేయంలో సావే లోయ ఉంది. 1990ల మొదట్లో కరవు పశువులను తుడిచిపెట్టాక, అక్కడి పెంపకందారులు తమ మధ్య కంచెలు పీకేసి 3,400 చదరపు కిలోమీటర్ల పైచిలుకు భూమిని ఒకే వన్యప్రాణి క్షేత్రంగా కలిపారు. పక్కనున్న గొనరెజౌ జాతీయ పార్కు నుంచి వందల ఏనుగులను, కుటుంబాలను విడదీయకుండా, లారీల్లో తెచ్చి వదిలారు. ఖడ్గమృగాలు, అడవి కుక్కలు, సింహాలు అక్కడ నిలదొక్కుకున్నాయి. వీటి పోషణకు డబ్బు ప్రధానంగా వేట నుంచే వచ్చేది.

ఆక్రమణలు దక్షిణ భాగంలోకి పాకాక ఆ క్షేత్రం చుట్టూ ఉన్న కంచె తీగలు మాయం కావడం మొదలైంది. ఆ తీగే ఉచ్చయింది. ఉచ్చు చూడటానికి చాలా చిన్న వస్తువు. చేతిలో ఇమిడే తీగ ముక్కకు ఒక కొన జారుముడిగా తిప్పి, రెండో కొన చెట్టు మొదలుకు బిగిస్తారు. జంతువులు నీళ్లకు నడిచే సన్నటి దారిలో, మెడ ఎత్తున, రెండు పొదల మధ్య వేలాడదీస్తారు. జంతువు గుంజుకునే కొద్దీ ముడి బిగుస్తుంది. దానికి వయసు, ఆడా మగా తేడా తెలియదు. కోటా ఉన్న వేటగాడు ముసలి మగ జంతువు కోసం రోజుల తరబడి జాడ పడతాడు. ఉచ్చు చూలు ఇంపాలానూ పడుతుంది, అడవి కుక్క పిల్లనూ పడుతుంది. పెట్టినవాడు మళ్లీ వచ్చి చూడకపోతే ఆ మాంసం కుళ్లిపోతుంది. 2001 ఆగస్టు నుంచి 2009 జూలై వరకు సావే లోయలో కాపలాదార్లు తీసేసిన ఉచ్చులు 84 వేలకు పైనే. చచ్చి కనిపించిన జంతువులు 6 వేల పైచిలుకు. కనిపించనివి ఎన్నో!

ఉచ్చు పెట్టినవాడి మీద నాకు కోపం రాదు. అతడికి పట్టా ఇవ్వలేదు, విత్తనం ఇవ్వలేదు, నీళ్లు లేని నేల చూపించి సాగు చేసుకోమన్నారు. రేపు ఇంకొకడు వచ్చి పొమ్మంటాడేమో తెలియదు. అలాంటివాడికి వచ్చే ఏడాది జింక కన్నా ఈ పూట మాంసమే నిజం.

కోపం వచ్చేది 2012 నాటి సంగతికి. ఆ ఏడాది ప్రభుత్వం సావే లోయలో పాత యజమానులకు వేట పర్మిట్లు నిలిపేసి, అధికార పార్టీకి చెందిన, దానికి దగ్గరైన పాతిక మందికి పర్మిట్లు, లీజులు ఇచ్చింది. క్షేత్రాన్ని పెంచడానికి వాళ్లు పైసా పెట్టలేదు. జర్మన్ పెట్టుబడులు ఉండటంతో యూరప్ మండిపడింది. మరుసటి ఏడాది విక్టోరియా జలపాతం దగ్గర ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ మహాసభ జరగాల్సి ఉంది. ఇలా చేస్తే దేశం పరువు పోతుందని సొంత ప్రభుత్వంలోని పర్యాటక మంత్రి వాల్టర్ మ్జెంబి బాహాటంగా అన్నారు. భూసంస్కరణ పేరుతో పేదలకు ఏం దక్కిందో, పెద్దలకు ఏం దక్కిందో ఆ పాతిక పేర్ల జాబితాలో తెలిసిపోయింది.

ఆగనిది వేట, పోయినది పద్ధతి

2000లో ఆక్రమణలు, అల్లర్లు మొదలయ్యాక కెమెరాలతో వచ్చే యాత్రికులు జింబాబ్వేకి రావడం ఒక్కసారిగా పడిపోయింది. తుపాకులతో వచ్చేవాళ్లు మాత్రం అంతగా తగ్గలేదు. పెట్రోలు దొరకని, రొట్టె కోసం వరసలు కట్టే దేశానికి కూడా వేటగాడు వస్తాడు. అతడు ఉండేది ఊళ్లకు దూరంగా, తన సరుకు తనే తెచ్చుకునే శిబిరంలో. కాబట్టి అస్థిరత వేటను ఆపుతుందనడం సరికాదు. వేట సాగుతుంది. దానికి ఉన్న హద్దు, లెక్క, కాపలా పోతాయి. డబ్బు దారి మారుతుంది.

ఆ దారి ఎలా మారిందో 2008లో చూడొచ్చు. ఆ జూలైలో అధికారిక ద్రవ్యోల్బణం 23 కోట్ల శాతం దాటింది. మరుసటి జనవరిలో లక్ష కోట్లకు వంద రెట్లు విలువ రాసి ఉన్న నోటు వచ్చింది. వేటగాడు డాలర్లలో కడతాడు. ఆ సొమ్ము జిల్లా కౌన్సిలుకు స్థానిక కరెన్సీలో, అధికారిక రేటుకు, నెలల ఆలస్యంతో అందితే ఊరికి చేరేసరికి విలువ ఏం మిగులుతుంది? ఏనుగు చచ్చింది, డాలర్లు వచ్చాయి, ఊరికి మిగిలింది కాగితం. ఇన్నేళ్లు వేటదొంగల జాడ చెప్పిన ఊరు అప్పుడు నోరు మెదపకపోతే ఎవరిని తప్పు పట్టగలం? 2013లో హ్వాంగే పార్కులో ఉప్పు గుంటల్లో సయనైడ్ కలిపి దంతాల కోసం సుమారు వంద ఏనుగులను చంపేశారు. 2014 లెక్కల ప్రకారం దేశం మొత్తంలో ఏనుగులు 80 వేలకు పైనే ఉన్నా, క్యాంప్‌ఫైర్‌కు ఒకప్పటి ఆయువుపట్టయిన సెబుంగ్వే ప్రాంతంలో 2001తో పోలిస్తే నాలుగింట మూడు వంతులు మాయమయ్యాయి.

ఇక 2015 జూలైలో ప్రపంచమంతా కన్నీళ్లు పెట్టిన సెసిల్ సంగతి. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు మెడకు జీపీఎస్ పట్టీ కట్టిన పదమూడేళ్ల సింహం అది. అమెరికా నుంచి వచ్చిన ఒక పంటి వైద్యుడి బాణానికి గాయపడి, గంటల తరబడి అల్లాడి చచ్చిపోయింది. అందరూ ఆ వైద్యుడిని తిట్టారు. ఆ మాటలు అతడికి చెల్లేవే. కానీ అది చచ్చింది ఎక్కడ? హ్వాంగే పార్కు అంచున, భూసంస్కరణల్లో చేతులు మారిన గ్వాయి లోయలో. ఆ భూమికి ఆ ఏడాది సింహం కోటాయే లేదని పార్కుల శాఖే చెప్పింది. కోటా లేని చోట వేట ఎలా జరిగిందన్న ప్రశ్న తిట్ల హోరులో కొట్టుకుపోయింది. పెద్ద విమానయాన సంస్థలు ట్రోఫీలు మోయబోమన్నాయి, అమెరికా సింహాల దిగుమతిపై నిబంధనలు బిగించింది. ఆ దెబ్బ తప్పు చేసినవాళ్లతో పాటు చేయనివాళ్ల మీదా పడింది. అదే దేశంలో, అవే రోజుల్లో, బుబ్యే లోయ అనే ప్రైవేటు క్షేత్రం 1999లో తెచ్చిన 17 సింహాలను వందల సంఖ్యకు పెంచింది. అదీ వేట ఆదాయంతోనే.

పక్కనున్న మొజాంబిక్‌లో ఈ పద్ధతి పోవడం మరింత దారుణంగా జరిగింది. 1977 నుంచి 1992 దాకా సాగిన అంతర్యుద్ధంలో రెండు పక్షాల సైనికులూ అడవిని మాంసం కొట్టుగా వాడుకున్నారు. జాంబెజి ముఖద్వారంలోని మరొమెయు మైదానంలో పదుల వేల అడవి దున్నలు కొద్ది వేలకు పడిపోయాయి. గొరొంగోసా పార్కులో దంతాల కోసం ఎన్ని ఏనుగులను చంపారంటే, యుద్ధం తర్వాత దంతాలు లేని ఆడ ఏనుగులు 18 శాతం నుంచి దాదాపు సగానికి పెరిగాయని 2021లో శాస్త్రవేత్తలు తేల్చారు. శాంతి వచ్చాక మరొమెయులో వేట బ్లాకులు లీజుకు తీసుకున్నవాళ్లు కాపలా పెట్టారు, ఊళ్లకు మాంసం వాటా ఇచ్చారు. దున్నలు మళ్లీ వేలల్లో పెరిగాయి. 2018లో 24 సింహాలను తెచ్చి వదిలారు.

జింబాబ్వేలో కుర్చీ మారింది, పార్టీ మారలేదు. 2024 మార్చిలో అమెరికా తన పాత ఆంక్షల వ్యవస్థను రద్దు చేసి, కొందరు వ్యక్తులపై కొత్తగా విధించింది. ఏప్రిల్‌లో దేశానికి మళ్లీ ఒక కొత్త కరెన్సీ వచ్చింది. నన్నడిగితే వేట ఉండాలా వద్దా అని లండన్‌లో, వాషింగ్టన్‌లో వాదించుకునేవాళ్లు ముందు మసోకా లాంటి ఊళ్ల ఖాతా పుస్తకం తెరిపించి చూడాలి. వేటగాడు కట్టే డాలరు నేరుగా ఊరి ఖాతాకు, డాలరుగానే చేరాలి. లీజు ఎవరి చేతికి పోయిందో ఊళ్లో అందరికీ తెలియాలి. హరారేలో ఎవరు గద్దెక్కినా ఆ రెండూ మారకూడదు. వేట వద్దని తేల్చేవాళ్లు కూడా ఆ ఊరి బడికి, క్లినిక్‌కు డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో అదే నోటితో చెప్పాలి.

2024 సెప్టెంబరులో, కరవుతో పంటలు పోయి లక్షల మంది ఆకలితో ఉన్న వేళ, జింబాబ్వే 200 ఏనుగులను చంపి మాంసం పంచుతామని ప్రకటించింది. 1988 తర్వాత ఇలాంటి నిర్ణయం అదే మొదటిసారి. ఎంపిక చేసిన నాలుగు జిల్లాల్లో మసోకా ఉన్న ఎంబిరే ఒకటి, సావే లోయ వైపున్న చిరెడ్జి మరొకటి.