తాత తుపాకీ.. మనవడి ఉద్యోగం

కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు వేరుశనగ వేసిన రైతుకు అడవిపందుల బెడద కొత్తేం కాదు. పంట కాపలాకూ తుపాకీ లైసెన్స్ ఇవ్వొచ్చని చట్టంలోనే ఉంది. (అలాగని పందిని కాల్చేయొచ్చని కాదు. దానికి అటవీ శాఖ అనుమతి వేరే!) మరి లైసెన్స్ ఉన్న తాత పోయి, తుపాకీ అటకమీదే ఉండిపోతే?

కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్న మనవడు ఇక్కడే జాగ్రత్త పడాలి. లైసెన్స్ మనిషికి ఇచ్చేది. వారసుడికి దానంతటదే రాదు. మందు కూరి పేల్చే పాత రకమైనా, పనిచేసేదైతే లైసెన్స్ తప్పదు. లేకుండా ఉంచుకుంటే గతంలో 1 నుంచి 3 ఏళ్ల జైలు. 2019 సవరణతో అది 2 నుంచి 5 ఏళ్లయింది. కేసు పడితే పోలీసు ఉద్యోగానికి వెరిఫికేషన్‌లో అది బయటపడుతుంది. 'మా తాతది సార్' అంటే కుదరదు.

అందుకే ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోండి. కావాలనుకుంటే మీ పేరిట లైసెన్స్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. 21 ఏళ్లు నిండాలి. వారసత్వంగా వచ్చినవి కలిపినా ఒకరికి రెండే. ఇదివరకు మూడు ఉండేవి. లైసెన్స్ గడువు మాత్రం మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. పాత లైసెన్స్ పుస్తకం ఉంటే అందులో యూఐఎన్ నంబరు ఉందో లేదో చూడండి. అది లేని లైసెన్స్ ఇప్పుడు చెల్లదు.