కోసిన అక్షరం, చిమ్మిన రంగు

తెలుగు పట్టణాల్లో దుకాణం బోర్డు మూడు దశలు దాటింది: ఎనామిల్ రంగుతో కుంచె పట్టి రాసిన దశ, రంగుల వినైల్ పొరను అక్షరాలుగా కోసి అతికించిన దశ, కంప్యూటర్‌లోని బొమ్మను ఉన్నదున్నట్టు సిరా తుంపరలుగా చిమ్మే డిజిటల్ ముద్రణ దశ. కుంచె పట్టిన కళాకారులు ఉపాధి కోల్పోవడం గురించి ఎంతో కొంత చర్చ జరిగింది గానీ, కోత నుంచి ముద్రణకు జరిగిన మార్పు మాత్రం, రెండూ యంత్రం పనే కదా అన్న భావన వల్ల కాబోలు, పెద్దగా ఎవరి దృష్టికీ రాలేదు. వీధిలో తెలుగు అక్షరం రూపురేఖలు తారుమారైంది నిజానికి ఈ రెండో మార్పులోనే.

బోర్డు పనిలో వినైల్ అంటే పాలీ వినైల్ క్లోరైడ్‌తో చేసిన పల్చటి పొర. సాధారణంగా 50 నుంచి 100 మైక్రాన్ల మందం ఉండే ఈ పొరకు వెనుక జిగురు, జిగురును కాపాడే జారుడు కాగితం ఉంటాయి. ఆస్ట్రియాలో పుట్టి, నాజీల పీడన నుంచి తప్పించుకుని 1940లో అమెరికా చేరిన జోసెఫ్ గెర్బర్ స్థాపించిన సంస్థ, ఈ పొరను కంప్యూటర్ ఆదేశాలతో కోసే యంత్రాన్ని 1980ల తొలి ఏళ్లలో మార్కెట్‌లోకి తెచ్చింది. ప్లాటర్ అని పిలిచే ఆ యంత్రంలోని కత్తి పొరను మాత్రమే తెంపి, అడుగున ఉన్న కాగితాన్ని తాకీతాకకుండా వదిలేస్తుంది. రాత్రివేళ వాహనాల దీపపు వెలుగును తిరిగి పంపే మెరుపు పొరలు కూడా ఇదే కత్తికి లొంగడంతో, వాటిలో రేడియం అణువంత లేకపోయినా, తెలుగునాట ఈ పనికి రేడియం కటింగ్ అని, ఆ దుకాణాలకు రేడియం షాపులని పేరు స్థిరపడిపోయింది.

తెలుగు లిపి ఈ కత్తికి పెట్టిన పరీక్ష ఇంగ్లీషు పెద్దక్షరాలు పెట్టినది కాదు. యూనికోడ్‌కు ముందునాటి డీటీపీ ఫాంట్లలో గుడి, కొమ్ము, వత్తు విడివిడి ముక్కలుగా ఉండి, ఒకదానిపై ఒకటి ఎక్కి అక్షరం ఏర్పడేది. కాగితంపై ముద్రిస్తే నలుపు మీద నలుపు పడుతుంది కనుక అతుకు కనిపించదు. ప్లాటర్ మాత్రం ప్రతి ముక్క అంచు వెంబడీ నడుస్తుంది కనుక, ఆ ముక్కలను కోరెల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వెల్డ్ అనే ఆదేశంతో ఏకం చేయకపోతే అక్షరం నడుమ చీలిక పడుతుంది. కోత పూర్తయ్యాక అక్షరాల చుట్టూ ఉన్న అనవసరపు పొరను, సున్నా లోపలి బిళ్లతో సహా, సూదిమొన పరికరంతో లేపి పీకేయాలి. అంటీఅంటనట్టుండే ప, ష తలకట్లు ఆ చెత్తతో పాటు లేచిపోకుండా చూసుకోవాలి. ధ అడుగున నిలిచే చిన్న గీత ఒక్కటి ఊడితే, ధనలక్ష్మి స్టోర్స్ వారి బోర్డు మీద దనలక్ష్మి వెలుస్తుంది. మిగిలిన అక్షరాలపై ట్రాన్స్‌ఫర్ టేపు పరిచి, అమరిక చెదరకుండా ఎత్తి, సబ్బునీళ్లు చల్లిన అద్దంపై అద్ది, స్క్వీజీతో నీటినీ గాలిబుడగలనూ బయటికి తోయాలి. ఇంత పనిలోనూ చేసేవారి కన్ను అక్షరాన్ని వీడదు. పైగా ప్రతి రంగుకూ వేరే రోలు, వేరే కోత కావాలి కనుక రెండు మూడు రంగులకు మించి వాడడం గిట్టుబాటు కాదు. ఆ పరిమితే బోర్డుకు స్పష్టతనిచ్చింది, అక్షరాన్ని పెద్దగా నిలిపింది.

డిజిటల్ ముద్రణ ఈ లెక్కను తలకిందులు చేసింది. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు సిరాల కలయికతో మనుషుల ముఖాలు, పూలదండలు, రంగులు కలిసిపోయే నేపథ్యాలు అన్నీ ఒకే ఖర్చుతో అచ్చవుతాయి. పాలిస్టర్ దారాల అల్లికకు రెండు వైపులా పాలీ వినైల్ క్లోరైడ్ పూసిన షీటే తెలుగువారు ఫ్లెక్సీ అంటున్నది. మూడు మీటర్లకు పైగా వెడల్పున్న యంత్రాలు దీనిపై ద్రావకం కలిసిన సిరాను చిమ్ముతాయి. ఒక్క అక్షరమున్నా వంద ముఖాలున్నా ధర చదరపు అడుగుకు ఇంత అనే కట్టడంతో, అక్షరానికి వెచ్చించే శ్రమకు విలువ కట్టే పద్ధతే మాయమైంది. పేరు ఒక మూలకు ఒదిగి, ఫొటోలు నడుమకు వచ్చాయి. ఫాంటును అడ్డంగా సాగదీయడం, అక్షరం చుట్టూ మూడు రంగుల అంచులు చుట్టడం మామూలైపోయాయి. ఇందులో తప్పు యంత్రానిది కాదు. అక్షరం మీద పనికి ఎవరూ డబ్బివ్వని ధరల విధానానిది.

మన్నికలోనూ తేడా ఉంది. రంగు వినైల్‌లో వర్ణకం పొర మందమంతా వ్యాపించి ఉంటుంది. ముద్రణలో అది పైపైన అంటిన పల్చటి పూత మాత్రమే. ఎండకు పసుపు, మెజెంటా ముందుగా వెలిసిపోతాయి కనుక, పాత ఫ్లెక్సీలలో ముఖాలు నీలివర్ణం దాలుస్తాయి. పైన లామినేషన్ వేస్తే కొంత రక్షణ దొరుకుతుంది గానీ, ద్రావకం ఆవిరయ్యేదాకా ఆగకుండా వేస్తే అంచులు లేస్తాయి.

రేడియం షాపులను దెబ్బతీసింది ముద్రణ ఒక్కటే కాదు. కారు అద్దాలకు నల్ల ఫిల్ములు కూడదని 2012లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారయ్యే వాహనాలకు హై సెక్యూరిటీ నంబరు ప్లేటు కంపెనీ నుంచే రావాలన్న నిబంధన వచ్చింది. ఈ రెండింటితో వారి రోజువారీ పనిలో ముఖ్యమైన భాగం పోయింది. అయినా కత్తి మూలన పడలేదు. తెల్ల సిరా లేని సాధారణ యంత్రం పారదర్శకమైన పొరపై తెల్లని అక్షరం అచ్చువేయలేదు; అద్దాల తలుపు మీది పేరుకు, బంగారు మెరుపుకు, రాత్రి వెలగాల్సిన హెచ్చరికకు నేటికీ కోతే శరణ్యం. ముద్రించిన స్టిక్కరును గుర్తుల ఆధారంగా అంచుల వెంట కోసే జంట యంత్రాలూ వచ్చాయి.

పర్యావరణం మాటకొస్తే రెండూ ఒకే ప్లాస్టిక్. అయితే కోసిన అక్షరం అరచేతిలో ఇమిడేంత పదార్థంతో ఏళ్ల తరబడి నిలుస్తుంది. పుట్టినరోజు ఫ్లెక్సీ వందల చదరపు అడుగులు పరుచుకుని వారానికే చెత్తకుప్పకు చేరుతుంది. 2022 ఆగస్టు 26న విశాఖపట్నంలో నాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధాన్ని ప్రకటించినప్పుడు, అప్పులు తెచ్చి యంత్రాలు కొన్న యజమానులు ఆందోళన చెందారు, అమలు 2023 జనవరి 26కు వాయిదా పడింది. వారి ఆందోళన న్యాయమైనదే. బట్టపై ముద్రణకు మారేందుకు గడువు, రుణసాయం ఇవ్వకుండా నిషేధం ఒక్కటే ప్రకటిస్తే భారమంతా చిన్న దుకాణం మీదే పడుతుంది.

ఏళ్ల తరబడి నిలవాల్సిన పేరును కోత అక్షరాలతో పెట్టించుకుని, నాలుగు రోజుల వేడుకకు మాత్రమే ముద్రణను, అదీ బట్టపై, ఎంచుకోవడం తెలుగు వ్యాపారులు చేయగలిగిన పని. బోర్డుకు ఆర్డరిచ్చేటప్పుడు చదరపు అడుగు ధరతో పాటు అక్షరాల కూర్పుకు విడిగా ఎంత అని అడిగి, ఆ సొమ్ము సంతోషంగా చెల్లించాలి.