తొలి గుడ్డు గూటిలోనే పెట్టాలి
పెరటి కోళ్ల పెంపకంలో మెళకువలు

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల మెట్ట గ్రామాలలో పెరటి కోళ్లు సన్న, చిన్నకారు రైతు కుటుంబాలకు, ప్రధానంగా మహిళలకు, అదనపు ఆదాయ వనరు. వర్షాధార పంటలు దెబ్బతిన్న సంవత్సరాలలో ఈ ఆదరువు మరింత విలువైనది. అయితే పెట్టలు పెట్టిన గుడ్లన్నీ ఇంటికి చేరడం లేదు. కొన్ని గడ్డివాములలో, కంపచెట్ల కింద, పశువుల కొట్టాలలో కుక్కలకు, ముంగిసలకు, పాములకు ఆహారమవుతున్నాయి.

నాటు పెట్ట ఏడాదికి సుమారు 50 నుండి 60 గుడ్లు పెడుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం పెరటి పెంపకానికి రూపొందించిన వనరాజా 100కు పైగా, గ్రామప్రియ 150కి పైగా గుడ్లు పెట్టగలవు. పది గ్రామప్రియ పెట్టలున్న ఇంట ప్రతి ఐదింటిలో ఒక గుడ్డు బయట పోయినా, ఏడాదికి 300 గుడ్లు నష్టపోయినట్లే. పైగా గుడ్లు కనబడకపోవడంతో పెట్ట గొడ్డుదని భావించి మాంసానికి అమ్మివేసే ప్రమాదమూ ఉన్నది.

తొలి అలవాటే కీలకం

గుడ్డు పెట్టే ముందు పెట్ట చీకటిగా, చాటుగా ఉండే చోటును వెతుక్కొనడం ప్రకృతి సహజం. మొదటి కొన్ని గుడ్లు ఎక్కడ పెడితే తర్వాత కూడా అక్కడికే వెళ్లడానికి ఇష్టపడుతుంది. కావున తొలి గుడ్డుకు కనీసం రెండు వారాల ముందే, అనగా సుమారు ఐదు నెలల వయసులోనే, గూళ్లు అమర్చాలి.

ఐదు పెట్టలకు ఒక గూడు చాలును. అడుగు పొడవు, అడుగు వెడల్పు గల చెక్కపెట్టె గాని, వెదురు గంప గాని సరిపోతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో రేకు డబ్బాలు తగవు. గూటిని వెలుతురు తక్కువగా ఉన్న మూలలో, నేలకు అడుగున్నర ఎత్తులో ఉంచి, రెండు మూడు అంగుళాల మందాన ఎండు వరిగడ్డి లేదా ఊక పరచాలి. అందులో గుడ్డు ఆకారంలో నున్నని తెల్లరాయిని గాని, చెక్క గుడ్డును గాని ఉంచితే, అది సురక్షితమైన చోటని పెట్ట గ్రహిస్తుంది.

పాటించవలసిన జాగ్రత్తలు

పెట్టలు అధికంగా ఉదయం వేళలోనే గుడ్లు పెడతాయి. కావున కొత్త పెట్టలను కొన్ని వారాల పాటు పది, పదకొండు గంటల వరకు మేత, నీటితో కోళ్ల కొట్టంలోనే ఉంచి ఆ తర్వాత బయటకు వదలాలి. నేలపై పెట్టిన గుడ్డును వెంటనే తీసివేయాలి. అది అక్కడే ఉంటే మిగతా పెట్టలూ అక్కడే పెడతాయి. మూలల్లో తిరుగుతూ నేలను గీరుతున్న పెట్టను బెదిరించకుండా మెల్లగా ఎత్తి గూటిలో ఉంచాలి.

రాత్రి వేళ గూళ్లను మూసివేసి, కోళ్లు నిద్రించడానికి గూళ్లకంటే ఎత్తులో కర్రలు అమర్చాలి. లేనిచో అవి గూటిలోనే పడుకొని రెట్టలతో పాడుచేస్తాయి. తడిసిన గడ్డిని వెంటనే మార్చడం వల్ల గుడ్లు శుభ్రంగా ఉంటాయి, పేలు, పిడుదుల బెడద తగ్గుతుంది.

గూటి అవసరాన్ని ప్రపంచ దేశాలూ గుర్తించాయి. గూడు లేని ఇరుకు పంజరాలలో గుడ్ల కోళ్ల పెంపకాన్ని ఐరోపా సమాఖ్య 2012 జనవరి 1 నుండి నిషేధించింది. మన పల్లెలలో ఇందుకు ఒక పాత గంప, గుప్పెడు గడ్డి, మొదటి నెలలో కొంత ఓర్పు ఉంటే చాలును. కోడిపిల్లల పంపిణీతో పాటు ఈ మెళకువలను కూడా మహిళలకు వివరించినప్పుడే ఆ గుడ్లు పిల్లల పళ్లెంలోకి, సంతకు చేరుతాయి.