మెల్‌బోర్న్‌లో మనం ముందున్నప్పుడు

వర్లీలో మేమున్న చాల్‌లో రెండో అంతస్తు వరండా చివర, మెట్లను ఆనుకుని ఒక పాత చెక్క బల్ల ఉండేది. మొదటి పాళీ దిగి వచ్చిన మా పెద్దవాళ్లు స్నానాలు ముగించి, లుంగీలు కట్టుకుని ఆ బల్ల మీద చేరేవాళ్లు. అందరూ కరీంనగర్, సిరిసిల్ల వైపు నుంచి బట్టల మిల్లుల్లో సాంచెలు నడపడానికి వచ్చినవాళ్లే. మాటలు ఊళ్లో వానలతో మొదలై, ఆడపిల్లల సంబంధాల మీదుగా సాగి, చివరికి ఫుట్‌బాల్ దగ్గర ఆగేవి. అక్కడ ఆగితే మాత్రం, లోపలి నుంచి అన్నానికి మూడుసార్లు పిలుపు వచ్చేదాకా కదిలేవి కావు.

బొంబాయి అంటే క్రికెట్ కదా, మన నేతవాళ్లకు ఫుట్‌బాల్ పిచ్చి ఏమిటని పాఠకులు అడగవచ్చు. నేనూ చిన్నప్పుడు అడిగాను. మా బాపు ఒక్క ముక్కలో జవాబు చెప్పాడు: "మన జట్టు ఇక్కడికొచ్చి గెలిచింది బిడ్డా, గందుకు."

ఆయన 1951లో, పదహారేళ్ల వయసులో, చేతిసంచీతో బొంబాయి వచ్చాడు. అప్పట్లో కూపరేజ్ మైదానంలో ఏటా రోవర్స్ కప్ పోటీలు జరిగేవి. దేశంలో పేరున్న జట్లన్నీ వచ్చేవి. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు ఆ కప్పును ఎత్తుకుపోయింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, అయిదేళ్లు! అదే జట్టు 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ కూడా గెలిచింది. భాష రాని ఊళ్లో, ఖోలీకి పది మంది చొప్పున సర్దుకుని బతికే కుర్రవాళ్లకు మా హైదరాబాద్ జట్టు అని చెప్పుకోవడానికి ఒకటి దొరికింది. తమాషా ఏమిటంటే, ఆ రోజుల్లో మా వైపు ఊళ్లలో పోలీసు మాట వినబడితే జనం చేలల్లోకి పరుగెత్తేవాళ్లు. అలాంటి చోటు నుంచి వచ్చిన మా వాళ్లు ఇక్కడ కూపరేజ్‌లో గొంతులు చించుకుని "పోలీస్! పోలీస్!" అని అరిచేవాళ్లు. టికెట్ డబ్బులు మిగుల్చుకోవడం కోసం బస్సు ఎక్కకుండా వర్లీ నుంచి రెండు గంటలు నడిచి వెళ్లేవాళ్లట.

ఆ జట్టు వెనుక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులు. బల్ల మీద ఆయన పేరును 'రహీం సాబ్' అని తప్ప ఎవరూ పలకగా నేను వినలేదు. బంతిని కాలి దగ్గర ఉంచుకుని విన్యాసాలు చేయడం ఆయనకు గిట్టదు. వచ్చిన బంతిని వచ్చినట్టే పక్కవాడికి అందించి ఖాళీలోకి పరుగెత్తాలి. కుడికాలి వాటం ఉన్నవాణ్ణి ఎడమకాలితో ఆడించి సాధన చేయించేవాడు. 1950 నుంచి భారత జట్టుకూ ఆయనే కోచ్. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఏషియన్ గేమ్స్‌లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టు ఆయనదే.

బల్ల మీద బాపు పక్కన కూర్చునే మనిషిని మేమంతా గోలీ మామ అనేవాళ్లం. మిల్లు జట్టుకు గోల్‌కీపర్. మామకు దేవుడు పీటర్ తంగరాజ్. హైదరాబాద్‌లో పుట్టిన తంగరాజ్ ఆరడుగులు దాటిన మనిషి, 1958లో ఆసియాలోకెల్లా ఉత్తమ గోల్‌కీపర్ అనిపించుకున్నాడు. మా మామ అయిదడుగుల నాలుగంగుళాలు. "ఎత్తుదేముంది, ఎగిరితే సరి" అనేవాడు. ఆయనకూ ఒక మ్యాచ్ ఉంది, ఆడని మ్యాచ్. 1955లో ఒక పెద్ద కంపెనీ జట్టు వాళ్లు ఎంపిక పోటీకి రమ్మన్నారు. ఆ రోజుల్లో కంపెనీలు ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చేవి. ఎంపికైతే జీవితాంతం ఆఫీసు కొలువే. ఆ వారం మిల్లులో రెండు పాళీల పని పడింది, జాబర్ సెలవివ్వలేదు. వెళితే సాంచె పోతుంది, వెళ్లకపోతే అవకాశం పోతుంది. మామ సాంచెనే పట్టుకున్నాడు.

బల్ల మీద గెలుపుల కన్నా 'అయితే' లెక్కలే ఎక్కువ నడిచేవి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ మీద 2-1తో ఓడిపోయాం. రెండు పెనాల్టీలు దొరికాయి, రెండూ వృథా అయ్యాయి. మన పదకొండు మందిలో ఎనిమిది మంది ఆ రోజు ఉత్తికాళ్లతో ఆడారు. ఆ రెండు పెనాల్టీల్లో ఒక్కటి లోపలికి పోతే? తరువాత 1950 ప్రపంచ కప్. బర్మా వంటి దేశాలు తప్పుకోవడంతో మనకు బ్రెజిల్‌లో చోటు దొరికింది. స్వీడన్, ఇటలీ, పరాగ్వేలతో ఒకే గుంపులో మన పేరు వేశారు. మనం వెళ్లలేదు. బూట్లు లేకుండా ఆడనివ్వమన్నందుకే వెళ్లలేదని బల్ల మీద అందరి నమ్మకం. దేశమంతటా అదే నమ్మకం అనుకోండి. అసలు సంగతి అది కాదు. సమాఖ్య పెద్దలకు ఒలింపిక్స్ మీద ఉన్న మోజు ప్రపంచ కప్ మీద లేదు. ఎంపికలో తగాదాలు, సాధనకు వ్యవధి చాలకపోవడం, అంత దూరపు ప్రయాణం, ఇవన్నీ కలిసి ఓడ కదలలేదు. పోనీ, వెళితే గెలిచేవాళ్లమా? నాకు నమ్మకం లేదు. వెళ్లి ఉంటే ఆ అలవాటు మిగిలేదని మాత్రం అనుకుంటాను.

వీటన్నిటికన్నా బాపుకు ఇష్టమైనది 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్. అంతకు నాలుగేళ్ల ముందు హెల్సింకీలో యుగోస్లావియా మనల్ని 10-1తో చిత్తు చేసింది. ఆ దెబ్బ తరువాత రహీం సాబ్ జట్టును కొత్తగా కట్టుకున్నాడు. తంగరాజ్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం, ఇలా ఎందరో హైదరాబాద్, సికింద్రాబాద్‌ల వాళ్లు అందులో ఉన్నారు. ఆతిథ్యం ఇచ్చిన ఆస్ట్రేలియాను మనవాళ్లు 4-2తో ఓడించారు. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ చేసిన మొదటి ఆసియావాడు అతడే. సెమీఫైనల్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. "ముందు మనమే గోల్ కొట్టినం. పది నిమిషాలు మనమే ముందున్నం. జర నిలబడితే ఫైనల్‌కు పోతుంటిమి" అని బాపు చెప్పేవాడు. 'పది నిమిషాలు' అనేటప్పుడు రెండు చేతులూ చాచి పది వేళ్లు చూపేవాడు.

ఇక నేను చెప్పుకోవలసిన సంగతికి వస్తాను.

1982 జనవరిలో బొంబాయి మిల్లుల హడ్తాళ్ మొదలైంది. సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు పని మానేశారు. నాకప్పుడు పద్నాలుగేళ్లు. దీపావళి దాటింది, పగార్ లేదు. అమ్మ పుస్తెలతాడు బదులు పసుపుతాడు వేసుకుంది. కిరాణావాడు ఖాతా మూసేశాడు. పెద్దవాళ్లకు పని లేదు కనుక బల్ల ఉదయం నుంచే నిండేది. మిల్లు మాట మాత్రం ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఆ నవంబరులో ఢిల్లీ ఏషియాడ్. క్వార్టర్ ఫైనల్‌లో సౌదీ అరేబియా చేతిలో, ఆట ముగియడానికి కొద్ది నిమిషాల ముందు పడ్డ గోల్‌తో, 1-0తో ఓడిపోయాం. ఆ రాత్రి బల్ల మీద మళ్లీ మొదలైంది. రహీం సాబ్ ఉంటేనా అని ఒకరు, మెల్‌బోర్న్‌లో అని బాపు. రెండు చేతులూ చాచి పది వేళ్లు.

నేను లెక్కల పుస్తకం పట్టుకుని గడపలో కూర్చున్నాను. బడిలో ఏదో క్విజ్ పుస్తకంలో మెల్‌బోర్న్ ఫలితం చదివి ఉన్నాను. "నాలుగు ఒకటి, బాపూ. నాలుగు గోల్స్ తిని ఓడిపోయినోళ్లు ముందున్నదెక్కడ? అన్నీ ఉత్త మాటలే. మామ ఆడంది కూడా గట్లనే" అన్నాను.

ఎవరూ నన్ను తిట్టలేదు. గోలీ మామ లేచి చెప్పులు వెతుక్కున్నాడు. బాపు చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ తరువాత నా ముందు ఆయన మెల్‌బోర్న్ ఊసెత్తలేదు. మిల్లు మళ్లీ తెరుచుకోలేదు. బాపు ఒక గోదాములో కాపలా పనికి కుదిరాడు. నేను బి.కాం. చదివి బ్యాంకు పరీక్ష రాసి గుమాస్తాగా చేరాను. చివరి అంకె తేలితే చాలు, మధ్యలో ఏమి జరిగిందో ఎవరికి కావాలి అనే మనిషికి బ్యాంకు తగిన చోటే.

1996లో ఫోర్ట్ దగ్గరి శాఖలో ఉండగా మా హెడ్ క్యాషియర్ ఒక గోవా పెద్దాయన. నెవిల్ డిసౌజా పేరు చెబితే లేచి నిలబడే రకం. భోజనాల వేళ పాత పత్రికల కత్తిరింపుల ఫైలు తెచ్చి చూపించాడు. మెల్‌బోర్న్ సెమీఫైనల్: సగం ఆటకు 0-0. రెండో సగం మొదలైన కాసేపటికే నెవిల్ గోల్, భారత్ 1, యుగోస్లావియా 0. తరువాతే వాళ్ల నాలుగు గోల్స్, అందులో నాలుగోది మనవాళ్ల కాలు తగిలి మన గోల్‌లోకే పోయింది. ఆ ఫైలు మీద నా సాంబారు చుక్క పడితే ఆయన నన్ను మరీ మందలించలేదు, నా ముఖం చూసి కాబోలు.

ఆ రాత్రి అన్నం తింటున్నప్పుడు చెప్పాను. "బాపూ, మెల్‌బోర్న్‌ల ముందు మనమే గోల్ కొట్టినం. నువ్వన్నది నిజమే."

"అవును, నెవిల్ కొట్టిండు" అన్నాడు, నిన్న జరిగినట్టు. కాసేపాగి, "ఎంతసేపు ముందున్నమో గది రాసిండ్రా?" అని అడిగాడు.

నేను రికార్డు మనిషిని కదా. "రెండు మూడు నిమిషాలు, అంతే. వెంటనే సమం చేసిండ్రు."

"పది గాదా?"

"కాదు బాపూ."

"మేము పదనుకున్నం" అని మజ్జిగ పోసుకున్నాడు. కోపం లేదు, బాధ ఉన్నట్టూ కనిపించలేదు. బాకీ తీర్చడానికి వెళ్లి మళ్లీ అందులోంచే కోసుకుని వచ్చానని నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆయన 2003లో పోయారు.

అప్పటి నుంచి నేనూ ఈ లెక్కలు వేసుకుంటున్నాను. 1960 రోమ్‌లో హంగేరీకి 2-1 దాకా పోటీ ఇచ్చాం, ఆ గోల్ బలరాంది. ఫ్రాన్స్ మీద పి.కె. బెనర్జీ గోల్‌తో ముందుండి, చివరి పది నిమిషాల్లో సమమయ్యాం. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. ఫైనల్‌లో మళ్లీ వాళ్లే ఎదురు. స్టేడియంలో సుమారు లక్ష మంది, దాదాపు అందరూ మనకు వ్యతిరేకమే. తలకు కుట్లున్న జర్నైల్ సింగ్‌ను రక్షణ వరుస నుంచి ముందుకు తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు రహీం సాబ్. పి.కె. ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1తో బంగారం మనది. అప్పటికే రహీం సాబ్‌ను క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్‌లో, యాభై మూడేళ్లకే పోయాడు. బలరాం కూడా అనారోగ్యంతో అదే ఏడాది, ఇరవై ఏడేళ్లయినా నిండకుండానే ఆట మానుకున్నాడు. ఏషియాడ్‌లో మనకు 1970లో ఒక కంచు పతకం వచ్చింది, హైదరాబాద్‌వాడే అయిన నయీముద్దీన్ నాయకత్వంలో. బంగారం మళ్లీ రాలేదు. నన్నడిగితే, 1950లో ఎక్కని ఓడ కన్నా 1963లో పోయిన ఈ మనిషే పెద్ద 'అయితే'. ఇంకో పదేళ్లు బతికి ఉంటే మరో నలుగురు పంతుళ్లను తయారు చేసేవాడు. సంతోష్ ట్రోఫీ కూడా 1966 తరువాత ఆంధ్రప్రదేశ్‌కు రాలేదు. బెంగుళూరు పాఠకులు మాత్రం ఇక్కడ మీసం మెలేయవచ్చు. మైసూరు పేరుతో నాలుగుసార్లు గెలిచినవాళ్లు, 54 ఏళ్ల ఎదురుచూపు తరువాత 2023లో కర్ణాటకగా మళ్లీ గెలిచారు.

2024లో రహీం సాబ్ కథతో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది. బల్ల మీది వాళ్లలో మిగిలింది గోలీ మామ ఒక్కడే. తొంభైకి దగ్గరపడ్డాడు, చూపు మందగించింది. లోయర్ పరేల్‌లో ఒకప్పటి ఫీనిక్స్ మిల్లు ఆవరణలో లేచిన మాల్‌కు తీసుకెళ్లాను. గేటు దగ్గర ఆగి పైకి చూసి, "పొగగొట్టం ఇంకా ఉంచిండ్రా?" అని అడిగాడు. హాల్లో సగం సేపు నిద్రపోయాడు. జకార్తా వచ్చేసరికి లేచి, తంగరాజ్ కనబడినప్పుడల్లా నా మోచేయి పట్టుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు టాక్సీలో చాలాసేపు మాట్లాడలేదు. వర్లీ నాకా దగ్గర సిగ్నల్ పడింది.

"అల్లుడా, మెల్‌బోర్న్‌ల మనోళ్లు ముందున్నది ఎంతసేపు? మీ బ్యాంకుల ఎవరో కాయితం చూపిండని మీ బాపు చెప్పిండు."

"పది నిమిషాలు, మామా."

మామ తల అడ్డంగా ఊపాడు. "మీ బాపు ఎప్పుడూ తక్కువనే చెప్తడు. పదిహేను."